ఆఫీసు పని మీద విదేశం వెళ్తే వీకెండ్‌లో ఊరు చూసి రావడం ఎలా?

పని మీద విదేశం వెళ్లి మూడు వారాలు ఉండి వచ్చినవాళ్లను ఏం చూసొచ్చారని అడగండి. చాలామంది హోటల్ పేరు, ఆఫీసు ఉన్న వీధి పేరు చెప్పి ఆగిపోతారు. మధ్యలో వచ్చిన శని, ఆదివారాలు ఎటు పోయాయో వాళ్లకే గుర్తుండదు. శుక్రవారం రాత్రి అలసిపోయి పడుకోవడం, శనివారం పదకొండింటికి లేవడం, ఎక్కడికి వెళ్దామా అని ఫోన్‌లో వెతుకుతూ మధ్యాహ్నం చేయడం, తీరా ఒక చోటు అనుకుంటే ఆ రోజుకి టికెట్లు అయిపోయి ఉండడం. నా మొదటి రెండు ప్రయాణాలూ ఇలాగే గడిచాయి. అంత దూరం వెళ్లి ఏమీ చూడకుండా తిరుగు విమానం ఎక్కినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీకు అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

నేను పాటించే పద్ధతి చిన్నదే. శనివారం దూరం, ఆదివారం దగ్గర. రోజుకి ఒక్క చోటు. శనివారం చోటికి టికెట్ మాత్రం ఇక్కడ విమానం ఎక్కకముందే చేతిలో ఉండాలి.

ముందు ఆఫీసులో తేల్చుకోండి

ప్రయాణం ఖాయం కాగానే తేదీలు చూడండి. శుక్రవారంతో పని అయిపోయి ఆ రాత్రికే తిరుగు టికెట్ వేస్తున్నారా? అయితే టికెట్ కొనకముందే ట్రావెల్ డెస్క్ వాళ్లని ఆదివారం రాత్రికి మార్చమని అడగండి. ఛార్జీ అంతే ఉన్నా, తగ్గినా సాధారణంగా ఎవరూ కాదనరు. కొన్న తర్వాత అడిగితే మార్పు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న పేచీ మొదలవుతుంది.

ఈ మాట నోటితో అని వదిలేయకుండా మెయిల్‌లో రాయండి. అదనంగా ఉండే రెండు రాత్రుల హోటల్ ఖర్చు నాదే, రోజు భత్యం ఆ రెండు రోజులకి అడగను అని మీరే ముందు చెప్పేస్తే పని సులువవుతుంది. అదే మెయిల్‌లో ఇంకో ప్రశ్న అడగండి: కంపెనీ తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ సొంతంగా తిరిగే రోజులకి కూడా వర్తిస్తుందా? కొన్ని పాలసీలు వర్తిస్తాయి, కొన్ని వర్తించవు. వర్తించదంటే ఆ రెండు రోజులకి విడిగా ఒకటి తీసుకోండి. కొండ ఎక్కేటప్పుడు కాలు బెణికినా చాలు, కొన్ని దేశాల్లో ఆసుపత్రి బిల్లు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. మంచు మీద స్కీయింగ్ లాంటివి చేసే ఆలోచన ఉంటే అవి పాలసీలో ఉన్నాయో లేదో పేరు పెట్టి అడగాలి. చాలాసార్లు ఉండవు.

మేనేజర్‌కి కూడా ఫలానా శనివారం ఊళ్లో ఉండను అని చెప్పి వెళ్లండి. చాటుగా వెళ్తే కొండ మీద ఉన్నప్పుడు ఫోన్ మోగినా టెన్షనే.

వీసాలో ఒక్క లైన్ చూసుకోండి

దీని దగ్గర కాస్త ఆగి ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే వీకెండ్‌తో పోదు, మొత్తం ప్రయాణమే చిక్కుల్లో పడుతుంది.

యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా షెంగెన్ వీసా. దాని మీద ఎన్నిసార్లు లోపలికి రావచ్చో రాసి ఉంటుంది. 01 అని ఉంటే ఒక్కసారే. మల్ట్ అని ఉంటే ఎన్నిసార్లయినా. జర్మనీలో పని చేస్తూ వీకెండ్‌కి ప్యారిస్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో వెళ్తే ఇబ్బంది లేదు, అన్నీ షెంగెన్‌లోవే. అదే లండన్ వెళ్లాలనుకుంటే బ్రిటన్‌కి విడిగా వీసా అవసరమవుతుంది. అది ఉన్నా సరే, మీ షెంగెన్ వీసా 01 అయితే సోమవారం ఆఫీసుకి తిరిగి రాలేరు. ఐర్లాండ్, సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు, షెంగెన్‌లో ఉంది. అలాగే ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులకి మించి ఉండకూడదన్న లెక్క ఒకటుంది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు వెళ్లేవాళ్లు మరో రెండు రోజులు పొడిగించేముందు అది వేసుకోవాలి.

అమెరికాలోనూ ఇలాంటిదే. నయాగరా చూడ్డానికి వెళ్తే రెయిన్‌బో బ్రిడ్జి అవతలి ఒడ్డు కెనడా. అటువైపు నుంచి జలపాతం ఇంకా బాగా కనిపిస్తుందని ఎవరైనా చెబుతారు, నిజమే. కానీ చేతిలో కెనడా వీసా లేకపోతే ఆ వంతెన జోలికి పోవద్దు. ఇవతలి వైపు నుంచి కూడా పడవలో జలపాతం కిందిదాకా తీసుకెళ్తారు, తృప్తిగా తడిసి రావచ్చు.

షెంగెన్ లోపల దేశం దాటినా ఒరిజినల్ పాస్‌పోర్ట్ జేబులో ఉండాల్సిందే. సరిహద్దు స్టేషన్లలో పోలీసులు రైలెక్కి అడగడం ఇప్పుడు మామూలైపోయింది. జపాన్‌లో అయితే ఊళ్లో తిరుగుతున్నా సరే, పర్యాటకులు పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోవాలని చట్టమే ఉంది.

శనివారానికి ఒక్క చోటు ఎంచుకోండి

ఊరి పేరు కొట్టి చూడాల్సిన పాతిక చోట్ల జాబితా తీయొద్దు. ఒక్కటి చాలు. దేన్ని చూడకుండా తిరిగొస్తే మనసులో ముల్లులా ఉండిపోతుందో అది రాసుకోండి. మీకు కొండలిష్టమైతే కొండ, బొమ్మలిష్టమైతే మ్యూజియం. అందరూ వెళ్తారని కోటకి వెళ్లి, లోపల విసుగ్గా నిలబడేవాళ్లని చాలామందిని చూశాను.

ఎంచుకున్నాక వెంటనే మూడు విషయాలు చూడాలి: ఏ రోజు మూసి ఉంటుంది, టికెట్ ముందే కొనాలా, ఎప్పటి నుంచి అమ్ముతారు. ప్యారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసేస్తారు, ఓర్సే మ్యూజియం సోమవారం. ఇవి వీకెండ్‌కి అడ్డం రావు. వాటికన్ మ్యూజియంలు మాత్రం ఆదివారం మూసి ఉంటాయి. నెలలో చివరి ఆదివారం ఒక్కటే తెరుస్తారు, ఆ రోజు ఉచితం, అందుకే క్యూ గోడ వెంట చుట్టూ తిరుగుతుంది. రోమ్‌లో పని పడితే వాటికన్‌ని శనివారానికి పెట్టుకోండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో, నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే. ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకి వదులుతారు. అక్కడికి వెళ్లాక వెతికితే దొరికే వస్తువు కాదది.

ఇలా ముందే కొన్న టికెట్ విలువ నాకు తెలిసింది మిలాన్‌లో. అక్కడ శాంటా మారియా డెల్లే గ్రాజీ చర్చి పక్కన, సన్యాసుల పాత భోజనశాల గోడ మీద లియొనార్డో డా విన్చి వేసిన లాస్ట్ సప్పర్ (క్రీస్తు చివరి విందు) చిత్రం ఉంది. నెలల ముందే టికెట్లు పెడతారు, పెట్టిన కొద్దిసేపట్లో మంచి సమయాలన్నీ పోతాయి. ప్రయాణం తేదీ తెలిసిన రోజే నేను శనివారం ఉదయం స్లాట్ ఒకటి తీసుకున్నాను. లోపలికి చిన్న గుంపుగా పంపుతారు. ఒక గాజు తలుపు తెరుచుకుంటుంది, అందరూ లోపలికి వెళ్లాక అది మూసుకుంటుంది, కాసేపటికి ఎదుటి తలుపు తెరుచుకుంటుంది. బయటి దుమ్ము, తేమ గోడని తాకకుండా ఈ ఏర్పాటు. తడి సున్నం మీద వేయాల్సిన చిత్రాన్ని ఆయన ఎండిన గోడ మీద వేశాడు. అందుకే ఆయన బతికుండగానే రంగు పెచ్చులు లేవడం మొదలైంది. 1943 ఆగస్టులో బాంబు పడి ఆ హాలు చాలావరకు కూలిపోయినా, ఇసుక బస్తాలు పేర్చి కాపాడుకున్న ఈ గోడ నిలిచింది. లోపల ఉండనిచ్చేది పదిహేను నిమిషాలే. మొదటి రెండు నిమిషాలు ఫోన్లు పైకి లేచాయి, తర్వాత ఒక్కొక్కటీ కిందికి దిగిపోయాయి. ఆఖరి పది నిమిషాలు ఆ గదిలో చప్పుడు లేదు. బయటికి వచ్చాక టికెట్ దొరకని ఒక జంట కౌంటర్ దగ్గర ఎవరైనా రాకపోతే ఆ చోటు మాకివ్వండని బతిమాలుతున్నారు. పది నిమిషాల ముందు చూసినదాని కంటే వాళ్ల ముఖాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

టికెట్ కొనేటప్పుడు పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే కొట్టండి. స్పెయిన్‌లో అల్హంబ్రా కోట లాంటి చోట్ల గేటు దగ్గర గుర్తింపు కార్డుతో పోల్చి చూస్తారు.

దిగిన వీకెండ్‌ వేరు, మధ్య వీకెండ్‌ వేరు

శనివారం దిగి సోమవారం పనిలోకి వెళ్లే ప్రయాణమైతే, ఆ వీకెండ్‌కి టికెట్లేవీ కొనకండి. శరీరం ఇంకా పాత సమయంలోనే ఉంటుంది. తూర్పు వైపు ప్రయాణం చేసినప్పుడు సర్దుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే మామూలు కంటే ముందే నిద్రపోమని ఒంటిని బలవంతపెట్టాలి. పడమటికి వెళ్తే కాస్త ఆలస్యంగా పడుకుంటే సరిపోతుంది. ఆ రోజు చేయాల్సిందల్లా వెలుగున్నంతసేపు ఆరుబయట నడవడం. హోటల్ చుట్టూ, నది ఒడ్డునో పార్కులోనో. ఎండ కంటికి తగలడమే ఒంట్లో గడియారాన్ని సర్దే మందు. మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తే అలారం పెట్టుకుని అరగంట, అంతకు మించొద్దు.

పెద్ద ప్రయాణాలన్నీ మధ్య వీకెండ్‌కి, చివరి వీకెండ్‌కి ఉంచుకోండి. చివరి వీకెండ్ ఆదివారం రాత్రి విమానమైతే ఆ రోజు ఊరు దాటొద్దు. సామాను హోటల్‌లోనే రాత్రిదాకా ఉంచుకోనిస్తారు, అడిగితే చాలు.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. సౌదీ, ఖతార్, కువైట్‌లలో సెలవులు శుక్ర, శనివారాలు. యూఏఈ మాత్రం 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకి మారింది. ఇజ్రాయెల్‌లో శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా చాలా ఊళ్లలో బస్సులు, రైళ్లు ఆగిపోతాయి. ఇది తెలియకుండా దూరం వెళ్తే అక్కడే ఉండిపోవాల్సి వస్తుంది.

శుక్రవారం సాయంత్రాన్ని వదలకండి

చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాల్లో రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది, ప్రవేశం ఉచితం. న్యూయార్క్‌లో మెట్ మ్యూజియం శుక్ర, శనివారాల్లో రాత్రి 9 దాకా. లూవ్ర్ కూడా శుక్రవారం రాత్రి 9 దాకా. ఆఫీసు నుంచి ఐదున్నరకి బయటపడితే రెండు గంటలు హాయిగా దొరుకుతాయి, జనం కూడా పగటి కంటే తక్కువ. సింగపూర్‌లో అయితే గార్డెన్స్ బై ద బే‌లో ఆ ఎత్తయిన ఇనుప చెట్ల కింద రాత్రి 7:45కి, మళ్లీ 8:45కి పాటతో పాటు దీపాల ప్రదర్శన ఉంటుంది. టికెట్ లేదు, నేల మీద వెల్లకిలా పడుకుని చూసేవాళ్లే ఎక్కువ.

గురువారం రాత్రే బట్టలు ఉతికేసుకోండి, సోమవారానికి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకోండి. వీకెండ్‌లో సగం పూట లాండ్రీ గదిలో గడిపినవాళ్లు చాలామంది.

శనివారం: వెనక నుంచి లెక్క వేయండి

దూరం వెళ్లే రోజున అందరూ ఉదయం నుంచి మొదలుపెట్టి ఆలోచిస్తారు. టికెట్‌లో ఉన్న సమయం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. ఉదాహరణకి మ్యూనిక్‌లో ఉన్నారు, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట చూడాలి. రెండో లుడ్విగ్ రాజు 1869లో మొదలుపెట్టించిన కోట అది. 1886లో ఆయన చనిపోయేనాటికి పూర్తి కాలేదు, చనిపోయిన ఏడు వారాలకే జనం చూడ్డానికి తెరిచేశారు. ఇక్కడ టికెట్ మీద గైడ్‌తో లోపలికి వెళ్లే నిమిషం కూడా రాసి ఉంటుంది. ఆ నిమిషం దాటితే మిమ్మల్ని వదిలేసి వెళ్తారు.

సరే, మీ సమయం మధ్యాహ్నం 1:00 అనుకోండి. పావుగంట ముందు, అంటే 12:45కి కోట గేటు దగ్గర ఉండాలి. కింద ఊరు హోహెన్‌ష్వాంగావ్ నుంచి పైకి నడక ముప్పై నలభై నిమిషాలు, దారి బాగా ఏటవాలు కాబట్టి గంట పెట్టుకోండి. అంటే 11:45కి నడక మొదలు. ఫ్యూసెన్ స్టేషన్ నుంచి ఆ ఊరికి బస్సు పది నిమిషాలే, కానీ ఒకే రైలు దిగిన జనమంతా ఒకే బస్సు కోసం నిలబడతారు, మొదటి బస్సులో చోటు దొరక్కపోవచ్చు. కాబట్టి 11:00కి ఫ్యూసెన్‌లో దిగాలి. మ్యూనిక్ నుంచి రైలు సుమారు రెండు గంటలు. లెక్క ప్రకారం 9 ప్రాంతంలో బయల్దేరే రైలు సరిపోతుంది. మీరు దానికి ముందు రైలు ఎక్కండి. జర్మనీ రైళ్లు సమయానికి నడుస్తాయన్న పేరు పాతది, ఇప్పుడు ఆలస్యాలు మామూలు. ముందుగా చేరితే నష్టమేం లేదు, కోట వెనక లోయ మీద మారియన్‌బ్రూకె అనే వంతెన ఉంది, పోస్టుకార్డుల్లో కనిపించే ఆ దృశ్యం అక్కడి నుంచే. కోట లోపల ఫొటోలు తీయనివ్వరు.

ఈ లెక్క కాగితం మీద వేసుకోండి, ఏ చోటికైనా పనికొస్తుంది. తిరుగు ప్రయాణానికి కూడా మీరు ఎక్కాలనుకున్న రైలు కాకుండా దాని తర్వాతది, అన్నిటికంటే చివరిది ఎప్పుడో రాసుకోవాలి. చివరి బండి మీద ఆధారపడి రోజుని ప్లాన్ చేయొద్దు.

రైలు టికెట్ల సంగతి. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో రోజంతా తిరగడానికి బయెర్న్ టికెట్ అని ఒకటుంది. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది, మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే. ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్లొచ్చు, మనిషి పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి పడేది తగ్గుతుంది. నలుగురు కొలీగ్స్ కలిస్తే చాలా చవక. పేర్లు టికెట్ మీద రాయాలి, హైస్పీడ్ రైళ్లలో చెల్లదు. ఇటలీలో ప్రాంతీయ రైలుకి కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ మీద ఉన్న చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. టికెట్ కొని కూడా ముద్ర లేక జరిమానా కట్టేవాళ్లు రోజూ కనిపిస్తారు. జపాన్‌లో రైళ్లలో తిరగడానికి ఇచ్చే జేఆర్ పాస్ గురించి అందరూ చెబుతారు గానీ, అది పర్యాటకుల హోదాతో వచ్చినవాళ్లకే. ఉద్యోగ వీసా మీద ఉంటే ఇవ్వరు. టోక్యోలో ఉండి ఒక్క శనివారం నిక్కో అనే ఊరు వెళ్లి రావడానికి అది అక్కర్లేదు కూడా, అసాకుసా స్టేషన్ నుంచి తోబు కంపెనీ రైలు రెండు గంటల్లో దింపుతుంది.

ఇంకొక సంగతి మాత్రం నాకు ఎవరూ ముందు చెప్పలేదు. కొన్ని రైళ్లు దారిలో విడిపోతాయి. మ్యూనిక్ నుంచి టెగర్న్‌సే సరస్సుకి వెళ్లే బండి ఊరు దాటేదాకా ఒకటే. హోల్జ్‌కిర్షెన్‌లో ఒక భాగం విడిపోయి ఒకవైపు, షాఫ్ట్‌లాక్‌లో మిగతాది మళ్లీ రెండుగా విడిపోయి చెరోవైపు పోతాయి. బోర్డు మీద మూడు ఊళ్ల పేర్లూ ఒకే వరసలో ఉంటాయి. నేను ఖాళీగా కనిపించిన పెట్టె ఎక్కి కూర్చున్నాను. హోల్జ్‌కిర్షెన్ వస్తుండగా జర్మన్‌లో ఏదో ప్రకటన వచ్చింది, చుట్టూ ఉన్న సగం మంది లేచారు. ఎదురు సీట్లో ఉన్న పెద్దావిడ నా చేతిలో టికెట్ చూసి, తలుపు పైన వెలుగుతున్న ఊరి పేరు వేలితో చూపించింది. అది నేను వెళ్లాల్సిన ఊరు కాదు. పరుగున దిగి ముందు భాగంలోకి ఎక్కాను. అప్పటి నుంచి ఏ రైలైనా సరే, బోర్డు చూశాక తలుపు మీద పేరు కూడా చదివాకే ఎక్కుతున్నాను. మీరూ అలాగే చేయండి.

ఊళ్లో తిరగడానికి

లండన్‌లో విడిగా టికెట్లు కొనక్కర్లేదు. బ్యాంకు కార్డో ఫోనో గేటు దగ్గర ఆనించి వెళ్లండి, దిగేచోట మళ్లీ ఆనించండి. రోజుకి ఇంతకి మించి తీసుకోకూడదన్న పరిమితి దానంతట అదే పడుతుంది. కానీ ఉదయం కార్డు, సాయంత్రం ఫోన్ వాడితే, రెండూ ఒకే ఖాతావైనా వాటిని ఇద్దరు మనుషులుగా లెక్కేస్తుంది, పరిమితి పని చేయదు. పొద్దున ఏది తీశారో రాత్రిదాకా అదే. ఇంకోటి, లండన్‌లో పట్టాల మరమ్మతులన్నీ వీకెండ్‌లోనే పెట్టుకుంటారు. శుక్రవారం రాత్రి ఏ లైన్ మూసి ఉందో చూసి పడుకోండి. సింగపూర్‌లోనూ బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. టోక్యోలో ముందే డబ్బు వేసుకుని వాడే సుయికా లాంటి కార్డు ఒకటి తీసుకుంటే రైలు, బస్సు, చిన్న దుకాణం అన్నిటికీ పనికొస్తుంది.

ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. యూరోపియన్ యూనియన్ సిమ్ పక్క దేశంలో పని చేస్తుంది కదా అని స్విట్జర్లాండ్‌లోకి అడుగుపెడితే, అక్కడ ఆ రూలు వర్తించదు. డేటాకి విడిగా పడుతుంది. సరిహద్దు దగ్గరకి రాగానే రోమింగ్ ఆపేయండి.

ఆదివారం: దగ్గర, నెమ్మదిగా

ఆదివారం రైలెక్కొద్దు. ఇది నా గట్టి నమ్మకం. శనివారం పన్నెండు గంటలు తిరిగాక ఆదివారం కూడా అలాగే తిరిగితే సోమవారం మీటింగ్‌లో కళ్లు మూతలు పడతాయి, అది మీ పనికి మంచిది కాదు, వచ్చేసారి మీకు ప్రయాణం దొరకడానికీ మంచిది కాదు.

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో, విమానాశ్రయాల్లో ఉన్నవి మాత్రం తెరుస్తారు. కావాల్సినవి శనివారం సాయంత్రమే తెచ్చి పెట్టుకోండి. బస్సులు కూడా ఆ రోజు తక్కువ. అయితే దుకాణాలు మూసి ఉండడం వల్లే ఆ ఊళ్లు ఆదివారం చాలా బాగుంటాయి. జనమంతా నది గట్టున, పార్కుల్లో ఉంటారు. మీరూ అక్కడికే వెళ్లండి. న్యూయార్క్‌లో ఉంటే స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఎక్కండి, డబ్బులు తీసుకోరు, స్వేచ్ఛా విగ్రహం పక్కగా వెళ్తుంది. అటు వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే బాగా కనిపిస్తుంది. టోక్యోలో ఉంటే గంట దూరంలో కామకురా, అక్కడ ఆరుబయట పదమూడో శతాబ్దపు కంచు బుద్ధుడు కూర్చుని ఉంటాడు, ఎత్తు 11 మీటర్ల పైనే. పైకప్పు లేదు, వానకీ ఎండకీ అలాగే. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. రైలెక్కొద్దన్న నా మాటకి ఇదొక్కటే మినహాయింపు.

డబ్బు, సంచి, జాగ్రత్త

రెండు కార్డులు రెండు వేర్వేరు జేబుల్లో. కంపెనీ కార్డు హోటల్ లాకర్‌లో పెట్టి వెళ్లండి. ఒక శనివారం తొందరలో నేను టికెట్ మిషన్‌లో కంపెనీ కార్డు పెట్టేశాను. మొత్తం చిన్నదే గానీ, అది సొంత ఖర్చని వివరించి తిరిగి కట్టడానికి రెండు వారాలు మెయిళ్లు నడిచాయి. ఆఫీస్ ల్యాప్‌టాప్, ఐడీ కార్డు కూడా గదిలోనే ఉండనివ్వండి. రైల్లో ల్యాప్‌టాప్ పోతే అది మీ సొంత నష్టంతో ఆగదు.

కార్డు మిషన్ మీ సొంత దేశం కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే వద్దని అక్కడి కరెన్సీనే నొక్కండి. మీకు సాయం చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ మారకం రేటులో వాళ్ల లాభం కలిపి ఉంటుంది. ఏటీఎంలో కూడా ఇదే ప్రశ్న వస్తుంది, జవాబు అదే.

కొత్త బూట్లు వీకెండ్‌కి దాచుకోవద్దు. ముందు వారమంతా ఆఫీసుకి వేసుకుని అలవాటు చేసుకున్న వాటితోనే నడవండి. అత్యవసరానికి యూరప్ అంతటా 112, బ్రిటన్‌లో 999, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000. జపాన్‌లో పోలీసులకి 110, అంబులెన్స్‌కి 119. ఒంటరిగా కొండల వైపు వెళ్తుంటే ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒక కొలీగ్‌కి మెసేజ్ పెట్టండి.

ఆదివారం సాయంత్రం

ఆరుకల్లా గదికి చేరండి. మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారం తెల్లవారుజామున యూరప్‌లో గడియారాలు గంట మారుతాయి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. ఫోన్ తనంతట తాను మార్చుకుంటుంది, చేతి గడియారం మారదు. మీ ఇంటివాళ్లతో రోజూ మాట్లాడే వేళ కూడా ఆ రోజు నుంచి గంట జరుగుతుంది, ముందే చెప్పండి.

సోమవారం మధ్యాహ్నం భోజనం దగ్గర అక్కడి కొలీగ్స్ ఎక్కడికి వెళ్లారని అడుగుతారు. చెప్పండి. చెప్పాక, ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయని అడగకండి, అలా అడిగితే ఇంటర్నెట్‌లో ఉన్నదే చెబుతారు. మీ అమ్మానాన్న మీ దగ్గరికి వస్తే ఎక్కడికి తీసుకెళ్తారు అని అడగండి. ఒక్క క్షణం ఆలోచించి, ఏ జాబితాలోనూ లేని సరస్సు పేరో, కొండ మీది చిన్న గుడి పేరో చెబుతారు, ఏ బస్సు ఎక్కాలో కాగితం మీద గీసి మరీ ఇస్తారు. వచ్చే శనివారానికి ఆ కాగితం దాచుకోండి.